ముద్ర యెవరిది?

కైవార నారేయణ తాతయ్యగారు తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించి, గ్రామదైవమగు అమరనారాయణుని నామమునే ముద్రగా నిలిపిరి. పాట నెవరైనను పాడవచ్చును. ముద్ర మార్చుట మాత్రము తగదు.

నేడు ఎల్లరకు స్వేచ్ఛగా నొసగబడు కంప్యూటర్ ప్రోగ్రాములందును ఈ ధర్మమే కలదు. లినక్సు చిహ్నమైన పెంగ్విన్‌ను 1996లో చిత్రించిన లారీ యూయింగ్, తన పేరు చెప్పి యెవరైన వాడుకొనవచ్చు ననెను. లినక్సను పేరు మాత్రము రిజిస్టరైన ట్రేడ్‌మార్కు.

సరకు నుచితముగా నిచ్చి పేరును కాచుట లోభమా? మన చలివేంద్రము పేర నింకొకరు మురికినీరు పోసినచో మోసపోవువాడు దాహార్తుడే గదా! కావున ముద్ర యనగా పుచ్చుకొనువాని కిచ్చిన మాట.

తెలుగులిపి నేర్వని మన బిడ్డలును, పొరుగు కన్నడిగులును ఆ ముద్ర విని “మన తాతయ్య పాట” యందురు. మన సంఘములు చిహ్నమును గీయించునపుడు, దానిచే నెవరికి ఏ మాట యిచ్చుచున్నామో మొదట విచారింపవలెను.