నయమాను వేసిన ప్రశ్న: సైనికుడు, గుడి, మనస్సాక్షి



ఈ నెల మేము వ్రాయదలచిన సంగతి వేరు. అయితే మొన్న ఆదివారము ఆరాధన ముగిసి అందరు చెప్పులు వేసుకొనుచుండగా ఒక తల్లి మాలో ఒకరిని పక్కకు పిలిచి అడిగిన మాట వలన అది పక్కన పెట్టవలసి వచ్చింది. "అయ్యగారూ, మా పిల్లోడు మిలిటరీకి పోతానంటాడు. ఆడ గుడి లోపలికి పొమ్మంటే పోవల్లంట, పోకపోతే ఉద్యోగం తీసేస్తారంట. పేపర్లో వచ్చిందని చెప్తా ఉండారు. వానికేం చెప్పల్ల?" అని ఆమె అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

పావగడ తాలూకా సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. జిల్లా తుమకూరు, ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో కన్నడము, మూడు ప్రక్కల ఆంధ్ర సరిహద్దు. వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగుళూరు బస్సు. తిరుమణి ప్రాంతములో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చి భూమి కలవారికి కౌలు వస్తున్నది గాని, భూమి లేనివారి పిల్లలకు అది జీవనము కాలేదు. కాబట్టి మన పిల్లలు తెల్లవారక ముందే లేచి రోడ్డు మీద పరుగు అభ్యాసము చేస్తున్నారు. 2022లో అగ్నిపథ్ వచ్చిన తరువాత చేరిన వారికి నాలుగు సంవత్సరములే కొలువు, అందులో నూటికి ఇరవైఐదుగురి వరకే తరువాత నిలుపుకుంటారు. అయినను పరుగు మానలేదు. ఆ తల్లి ప్రశ్న ఊరకే వేసినది కాదు.

పేపర్లో వచ్చిన సంగతి ఇది. లెఫ్టినెంట్ శామ్యూల్ కమలేశన్ అను ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు 2017లో సైన్యములో అధికారిగా చేరి, 3వ కావల్రీ రెజిమెంటులో సిక్కు జవాన్లున్న స్క్వాడ్రనులో ట్రూప్ లీడరుగా పని చేశారు. ఆ రెజిమెంటులో ఒక గుడి, ఒక గురుద్వారా ఉన్నవి. వారమునకు ఒకసారి మత పెరేడ్ జరుగుతుంది. తాను జవాన్లతో కూడ వెళ్ళేవాడనని, ఆవరణలో చెప్పులు విడిచి మర్యాదగా నిలబడేవాడనని, గర్భగుడి లోనికి పోయి పూజ హారతులలో పాలుపొందుటకు మాత్రమే తన విశ్వాసము ఒప్పుకొనలేదని ఆయన వాదన. జవాన్లను నడిపించవలసిన అధికారి గుమ్మము దగ్గర ఆగిపోతే దళములో ఐక్యత చెడుతుందని, ఎన్నిసార్లు నచ్చజెప్పినను వినలేదని సైన్యము వాదన. 2021 మార్చిలో పింఛను, గ్రాట్యుటీ లేకుండ ఆయనను తొలగించారు. 2025 మే 30న ఢిల్లీ హైకోర్టు ఆ తొలగింపును సమర్థించింది. తన మతమును పై అధికారి న్యాయమైన ఆజ్ఞ కంటె పైన పెట్టుకున్నాడని ఆ కోర్టు అభిప్రాయపడింది. 2025 నవంబరు 25న సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి సూర్యకాంత్, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చి ధర్మాసనము ఆయన అర్జీని కొట్టివేసింది.

మన సంఘములో సైన్యములో చాలకాలము పనిచేసి దిగిన ఒక పెద్దాయన ఉన్నారు. ముందుగా ఆయనను అడిగాము. "మేము లోపలికే పోతిమి" అన్నారు. "పండితుడు బొట్టు పెట్టేదానికొస్తే తల కొంచెం వెనక్కి తీసుకుంటాంటి. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. క్రిస్మస్ రోజు నా పక్క మంచం రాజపుత్రుడు నాకంటే ముందు లేచి రమ్మనే. ఇదొక పెద్ద సంగతి అని నాకెప్పుడూ తోచలేదు." కొంచెమాగి, "ఆ అధికారి తప్పు చేసినాడని మాత్రం నేను చెప్పను. నా మనసుకు గుచ్చుకోలేదు, ఆయనకు గుచ్చుకునింది" అన్నారు. ఆ పెద్దాయన పదవ తరగతి దాటలేదు గాని, ఈ వ్యవహారములో మేము చదివిన వాటన్నిటి కంటె ఆయన చివరి మాటే మాకు ఎక్కువ ఉపయోగపడింది.

పరిశుద్ధ గ్రంథములో సరిగ్గా ఇటువంటి సైనికుడొకడున్నాడు. రాజులు రెండవ గ్రంథము 5వ అధ్యాయము తీసి చూడండి. సిరియా సైన్యాధిపతియైన నయమాను కుష్ఠము నుండి బాగుపడి, ఇక యెహోవాకు తప్ప వేరొక దేవునికి బలి అర్పించనని ఎలీషా యెదుట ఒప్పుకుంటాడు. రెండు కంచరగాడిదలు మోయునంత మన్ను కూడ అడుగుతాడు. వెంటనే తన ఉద్యోగము జ్ఞాపకమునకు వస్తుంది. తన రాజు రిమ్మోను గుడిలో మ్రొక్కునప్పుడు తన చేతిమీద ఆనుకుంటాడు, అప్పుడు తానును వంగవలసి వస్తుంది, దానిని యెహోవా క్షమించునా అని అడుగుతాడు. ప్రవక్త అతనిని గద్దింపలేదు, పర్వాలేదు పొమ్మని అనుమతి పత్రమును వ్రాసి ఇవ్వలేదు. నెమ్మదిగా వెళ్ళమని పంపివేశాడు, అంతే. ఈ భాగము మీద ప్రసంగాలు అంత తరచుగా వినము. నయమాను ఏడు మునకల దగ్గరే మనము సాధారణముగా ఆగిపోతాము.

అయితే అదే గ్రంథములో దానియేలు 3వ అధ్యాయమును ఉన్నది. షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడ ప్రభుత్వ ఉద్యోగస్థులే, బబులోను సంస్థానములో అధికారులు. వారు వంగలేదు, అగ్నిగుండములోనికి పోయారు. నయమాను వంగాడు గదా, మీరెందుకు వంగరు అని దేవుడు వారిని అడగలేదు. వారు నిలబడ్డారు గదా అని నయమానును త్రోసివేయనూలేదు. ఒకరి మనస్సాక్షి కొలతతో మరొకరిని కొలువరాదని పౌలు రోమా సంఘమునకు వ్రాసిన 14వ అధ్యాయము కూడ ఇదే దారిలో ఉన్నది.

కోర్టులో వచ్చిన ఒక మాట దగ్గర బాప్తిస్టులమైన మనము తప్పక ఆగవలెను. సర్వధర్మ స్థలములోనికి వెళ్ళుట విశ్వాసమునకు విరుద్ధము కాదని ఒక పాస్టరు చెప్పగా కూడ ఈ అధికారి వినలేదని న్యాయమూర్తి ఎత్తి చూపారు. రాజ్యాంగము 25వ అధికరణము మతములోని ముఖ్యమైన ఆచారములను కాపాడుతుంది గాని ప్రతి మనోభావమును కాదన్నారు. అనగా పాస్టరు సరేనంటే సరియే, ఆపై మిగిలినది ఆ వ్యక్తి పట్టుదల మాత్రమే అని అర్థము వస్తుంది. మన పితరులు దీనికి ఒప్పుకొనలేదు. 1612లో థామస్ హెల్విస్ అను ఇంగ్లీషు బాప్తిస్టు, మనుష్యుల మనస్సాక్షి మీద రాజునకు అధికారము లేదని పుస్తకము వ్రాసి న్యూగేటు చెరసాలలో పడ్డాడు. క్రైస్తవులకే కాదు, యూదులకు, తురకలకు కూడ ఆ స్వేచ్ఛ ఉండవలెనని ఆ కాలములోనే వాదించాడు. రాజునకు లేని అధికారము పాస్టరుకు ఎక్కడి నుండి వస్తుంది? పాస్టరు వాక్యము విప్పి చెప్పగలడు, ప్రార్థింపగలడు. ఒక మనిషి తరఫున దేవునికి లెక్క అప్పజెప్పలేడు. పత్రిక నడిపించే మాలో పాస్టర్లున్నారు, వారే ఈ మాట వ్రాయమన్నారు.

మన దేశపు న్యాయస్థానములు ఎప్పుడును ఇట్లే చెప్పలేదు. 1986లో కేరళలో యెహోవా సాక్షుల పిల్లలు ముగ్గురు జాతీయగీతము పాడనందుకు బడి నుండి తీసివేయబడితే, తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ పిల్లల పక్షముగా తీర్పు వ్రాశారు. (తరువాత కర్ణాటకలో వెనుకబడిన తరగతుల కమిషనుకు అధ్యక్షులుగా ఉన్నది కూడ ఈయనే. మనలో పాతవారికి ఆ పేరు గుర్తుండును.) ఆ పిల్లలు గీతము పాడువేళ లేచి మర్యాదగా నిలబడ్డారు, నోరు మాత్రము విప్పలేదు. వారి నమ్మకము మనకు సబబుగా తోచిందా లేదా అన్నది కాదు, అది నిజముగా మనస్సాక్షితో పట్టుకొన్న నమ్మకమా కాదా అన్నదే చూడవలెనని ఆ తీర్పు సారము. నిలబడుట వేరు, పాలుపొందుట వేరు. కమలేశన్ అడిగినదియు ఆ తేడాయే.

బడిపిల్లలు సైనికులు కారు, నిజమే. సైనికుల ప్రాథమిక హక్కులను తగ్గించుటకు రాజ్యాంగము 33వ అధికరణములో పార్లమెంటుకు ప్రత్యేకముగా అధికారమిచ్చింది. ఆ తేడా చిన్నది కాదు. తుపాకీ గుండ్ల మధ్యకు పదిమందిని లేవదీసుకొని పోవలసినవాడు ఆ పదిమందికి పరాయివాడుగా కనబడకూడదు. సిక్కు జవాను తన గురువును తలచుకొని ముందుకు ఉరుకుతాడు. డోగ్రా రెజిమెంటు జ్వాలామాత పేరు చెప్పి ఉరుకుతుంది. ఆ కేక వినబడినప్పుడు అధికారి వేదాంత చర్చ పెట్టుకొనడు. ఈ వాదనను తేలికగా త్రోసివేసే క్రైస్తవులు సైన్యములో ఎన్నడును పనిచేసి ఉండరని మా అనుమానము.

అయినను ఐక్యతకు పూజలో పాలుపొందుట అవసరమని మాకు తోచలేదు. 1971 యుద్ధమునకు సైన్యాధిపతి మానెక్‌షా పార్సీ. తూర్పు కమాండు అధిపతి జగ్జీత్ సింగ్ అరోరా సిక్కు. ఢాకాలో లొంగుబాటు మాటలు నడిపిన జాకబ్ యూదుడు. అదే యుద్ధములో గంగాసాగర్ దగ్గర ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా ఆదివాసి క్రైస్తవుడు. ఆయన ఉన్నది బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్‌లో. కులము, ప్రాంతము చూడకుండ అందరిని కలిపి 1949లో ఈ రెజిమెంటును నిలబెట్టినది కర్ణాటకకు చెందిన జనరల్ కరియప్ప.

కులము మాట వచ్చింది గనుక చెప్తున్నాము. సైన్యమునకు ఎవరు పనికివస్తారన్న తగాదా మనకు క్రొత్తది కాదు. 1880లలో మద్రాసు సైన్యమునకు అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర దక్షిణాది సిపాయి యుద్ధమునకు తగడని నమ్మాడు. వీరజాతులు కొన్నియే ఉన్నవన్న ఆ సిద్ధాంతముతో తెలుగువారి భర్తీ క్రమముగా తగ్గించివేశారు. మహారులను 1890లలో చేర్చుకొనుట మానివేశారు. సుబేదారు కుమారుడైన అంబేద్కరుగారు ఆ అవమానమును మరువలేదు. 1941లో బెళగావిలో మహార్ రెజిమెంటు ఏర్పడు వరకు పట్టువిడువలేదు. ఒక సిద్ధాంతము సైన్యములో దూరితే మొదట దెబ్బ తగిలేది మనవంటివారికే అని మన తాతలకు తెలుసు.

అమెరికాలో ఉన్న మన బంధువులు ఫోనులో మరొక తగాదా చెప్తారు. అక్కడ 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంపు సైన్యములో వైవిధ్యము కొరకున్న ఆఫీసులను మూసివేయమని ఉత్తర్వు చేశాడు. ఫిబ్రవరిలో నల్లజాతికి చెందిన సంయుక్త సైన్యాధిపతుల మండలి అధ్యక్షుడు జనరల్ బ్రౌనును తొలగించాడు. సైన్యములోనికి రాజకీయ సిద్ధాంతము వచ్చినందున దానిని తీసివేస్తున్నామని వారంటారు. తీసివేయుటయే రాజకీయమని ఎదుటివారంటారు. ఆ పోరు అంతా మనకు అక్కరలేదు, ఒక్క సంగతి చాలు. సెప్టెంబరులో రక్షణ మంత్రి హెగ్సెత్ గడ్డముల మీద నిబంధనలు బిగించగా అక్కడి సిక్కులు కలవరపడ్డారు. 2017లోనే వారికి గడ్డము, తలపాగాతో కొలువు చేయుటకు దారి సుగమమైంది. తమ విశ్వాసము సైనిక క్రమశిక్షణకు అడ్డు కాదని వారు అక్కడ చెప్పుకుంటున్నారు. ప్రపంచ యుద్ధములలో ఇనుప టోపీ పెట్టుకొనక తలపాగాతోనే పోరాడిన జాతి వారిది, బ్రిటిషు సైన్యము దానికి ఒప్పుకున్నది. అమెరికాలో సిక్కు సైనికుడు అడుగుచున్నది, ఇక్కడ సిక్కు జవాన్ల మధ్య క్రైస్తవ అధికారి అడిగినది, తూచి చూస్తే ఒక్కటే. ఒకదానికి అవునని, రెండవదానికి కాదని చెప్పుటకు మాకు కారణము దొరకలేదు.

ఇంకొకటి మన చరిత్రలోనిదే. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇచ్చాడు. బాప్తిస్మము ఇమ్మని జనము అడుగుచున్నను, గంజి కొరకు వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తెలియదని కరువు తీరువరకు ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది. ఆకలి ఒత్తిడిలో తీసుకొన్న బాప్తిస్మమును లెక్కపెట్టని సంఘము మనది. ఉద్యోగము పోవునన్న ఒత్తిడిలో ఎత్తిన హారతిని ఏ దేవత లెక్కపెట్టును? పూజారి అయినను అట్టి హారతిని కోరునా అని మా సందేహము.

కోర్టుల తీర్పునకు మనము లోబడవలసినదే. తీర్పు చట్టప్రకారము నిలబడవచ్చును. గుమ్మము దగ్గర ఒక అధికారిని నిలబడనిచ్చినంత మాత్రమున ఆ రెజిమెంటు కూలి ఉండేది కాదని మాత్రము మేము నమ్ముచున్నాము. అలాగని మనవైపు అంతా శుభ్రముగా లేదు. సైన్యము అందరిని కలుపుకొనవలెనని కోరే మనలో, మాలపల్లె సంఘము వేరు, మాదిగపల్లె సంఘము వేరు అన్న ఊళ్ళు ఇంకను ఉన్నవి. క్రిస్మస్‌కు వచ్చిన హిందూ పొరుగువారిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, ప్రభువు బల్ల దగ్గర వారిని తీసుకొమ్మని మనము బలవంతము చేయము. ఈ ఒక్కటి మాత్రము మనము సరిగ్గా చేస్తున్నాము.

ఆ తల్లికి వారము తరువాత జవాబు చెప్పాము. పిల్లవానిని ఆపవద్దన్నాము. గుడి పెరేడ్ అను మాట చేరిన తరువాత వినుట కాదు, ఇప్పుడే తెలిసికొని పొమ్మన్నాము. రెండు అధ్యాయములు, నయమానుది, దానియేలుది, వానిని చదవమన్నాము. అందులో తాను ఎవరో వానికే తెలియవలెను, నష్టము వస్తే భరించవలసినది కూడ వాడే అన్నాము. ఆమె సంతోషింపలేదు. "మీరే ఏదో ఒకటి చెప్తారనుకుంటి అయ్యగారూ" అన్నది. పిల్లవాడు పక్కనే నిలబడి వింటున్నాడు. శనివారము సాయంత్రము మిలిటరీ పెద్దాయన ఇంటికి రావచ్చునా అని అడిగాడు. ఉదయము పరుగు ఉన్నది గనుక చీకటి పడక ముందే రమ్మని పెద్దాయన చెప్పారు.