వలలో పడ్డ పావురం, ఇంటికొచ్చిన పావురం

మొన్న వీడియోలో అవధూత యదుమహారాజుకి చెప్పిన 24 మంది గురువుల గురించి మాట్లాడుకున్నాం కదా. పావురం దగ్గర నేను కాస్త తడబడ్డాను. ఎందుకో ఇక్కడ చెప్తాను.

భాగవతంలో పావురం తన పిల్లలూ, భార్యా వలలో పడటం చూసి, ఏడ్చి ఏడ్చి, తెలిసి తెలిసీ తనూ అదే వలలో పడుతుంది. అతి మమకారం వద్దని నీతి. కానీ నాకు ఆ క్షణం మా మావయ్య పావురం గుర్తొచ్చింది.

మాది పిఠాపురం. పాదగయ ఉన్న ఊరు, శ్రీపాద శ్రీవల్లభులు అవతరించిన ఊరు. మావయ్య డాబా మీద పందెం పావురాలు పెంచేవాడు. వందల కిలోమీటర్ల అవతల వదిలినా సూర్యుణ్ణీ, భూమి అయస్కాంత శక్తినీ, వాసనల్నీ ఆనవాలుగా పట్టుకుని గూటికొచ్చే జాతి అది. 1946లో ఒడిశా పోలీసులు కోరాపుట్‌లో పావురాల టపా మొదలెట్టింది ఈ గుణాన్ని నమ్ముకునే.

ఓసారి ఒక మగ పావురం తిరిగి రాలేదు. "గద్ద తన్నుకుపోయుంటది, ఆ గూడు ఇంకోదానికిచ్చెయ్" అన్నారందరూ. మావయ్య ఇవ్వలేదు. పది నెలల తర్వాత ఓ పొద్దున్న పిట్టగోడ మీద వాలింది. రెక్కలో సగం ఈకల్లేవు. ఎవరో కట్టేసిన పురికొస ముక్క కాలికి ఇంకా వేలాడుతోంది.

ఒకటి మమకారంతో వలలోకి వెళ్ళింది. ఇంకోటి మమకారంతోనే కట్టు తెంచుకుని వచ్చింది. మరి తప్పు మమకారంలో ఉందా?

నాకు ఈ ప్రశ్న ఊరికే రాలేదండీ. నాన్నతో మాటామాటా పెరిగి హైదరాబాద్ నుంచి రెండేళ్ళు ఇంటికెళ్ళలేదు. "శ్రీపాదులవారూ పదహారో ఏట ఇల్లు విడిచారుగా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ గురుచరిత్ర ఏం చెబుతుంది? ఆయన కుంటి, గుడ్డి అన్నలిద్దర్నీ బాగుచేసి, అమ్మానాన్నల్ని వాళ్ళకి అప్పగించి, తల్లి అనుమతితో బయల్దేరారు. నేను ఫోన్ కట్ చేసి బయల్దేరాను. ఆయనది వైరాగ్యం. నాది కోపం, దానికి నేను పెట్టుకున్న పెద్ద పేరు.

ప్రేమ తప్పు కాదని ఇప్పుడు అనిపిస్తోంది. ప్రేమలో వివేకం పోగొట్టుకోవడం తప్పు. వలలో దూకిన పావురం పిల్లల్ని కాపాడలేదు, తనూ మిగల్లేదు.

ఈకలు మళ్ళీ వచ్చాక మావయ్య దాని గూడు తలుపు తీసే ఉంచాడు. "మళ్ళీ పోతేనో?" అన్నాను. "పోతే పోద్దిరా. వచ్చినప్పుడు తలుపేసుండకూడదు, అంతే" అన్నాడు.

నేను పోయిన నెలలో ఇంటికెళ్ళాను. నాన్న పెద్దగా ఏమీ అనలేదు. "తిన్నావా?" అన్నారు.

మీరు ఎవరి గుమ్మానికి దూరంగా ఉన్నారో, అది వైరాగ్యమో అలకో, ఒక్కసారి చూసుకోండి. జై గురుదత్త.