రెండు సంతకాలు

ఆపరేషనుకు ఒప్పుకుంటున్నట్టు రాసున్న కాగితం మీద మొదటి సంతకం నాది. దాని కింద మా పెద్దమ్మది. నర్సు వేలు పెట్టి చూపించినచోట పెట్టింది. అందులో ఏం రాసుందని అడగలేదు. అడక్కపోతే బాగుండునని నేనూ అనుకున్నాను.

పెద్దమ్మది మిడుతూరు. శనగ కోతలప్పుడు కడుపు ఉబ్బరంగా ఉందంటే గ్యాస్ అనుకున్నాం. కర్నూలులో స్కానింగు, అక్కణ్ణుంచి హైదరాబాదు. కేన్సర్ పుట్టింది జీర్ణాశయంలో, బయటపడింది రెండు అండాశయాల్లో. ఆమెకు మాత్రం "నీటిగడ్డలు" అని చెప్పాం. ఈ మాట ముందు ఎవరన్నారో గుర్తులేదు, అందరం వాడేశాం.

అలా వేరేచోట పుట్టి అండాశయాలకు పాకే గడ్డల్లో ఒక రకానికి క్రూకెన్‌బర్గ్ కణితి అని పేరు. ఫ్రీడ్రిష్ క్రూకెన్‌బర్గ్ అనే జర్మన్ యువకుడు 1896లో వీటిని వర్ణించాడు. అవి అండాశయంలోనే పుడతాయనుకున్నాడు. కాదు, మరోచోటినుంచి వస్తాయని 1902లో ష్లాగెన్‌హాఫర్ తేల్చాడు. క్రూకెన్‌బర్గ్ తర్వాత కంటి డాక్టరుగా స్థిరపడ్డాడట. పొరబడినవాడి పేరే జబ్బుకు మిగిలింది.

వీటిని కోసి తీసేస్తే లాభమేమిటి? కీమో మిగతాచోట్ల పనిచేస్తున్నా అండాశయాల్లో గడ్డ పెరుగుతూనే ఉండటం డాక్టర్లు చాలాసార్లు చూశారు. తీసేస్తే కడుపు బరువు, నొప్పి తగ్గుతాయి. పెద్దపేగు నుంచి పాకినవాళ్లకు, జీర్ణాశయం నుంచి పాకినవాళ్లకంటే ఆశ ఎక్కువ. జబ్బు అండాశయాలు దాటకుండా, కంటికి కనిపించేదంతా తీసెయ్యగలిగితే ఇంకొంచెం ఎక్కువ. ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కువకాలం బతికారని చెప్పే అధ్యయనాలున్నాయి. కానీ అవి దాదాపు అన్నీ పాత కేసు ఫైళ్లు తిరగేసి రాసినవి. కాస్త బలంగా ఉన్నవాళ్లనే కదా ఆపరేషనుకు ఎంచుకునేది! మా ఆఫీసులోనూ ఇలాగే చేస్తాం. కొత్త వెర్షన్‌ని ముందు మంచి ఫోన్లున్నవాళ్లకే ఇచ్చి, పాతదానికంటే వేగంగా నడుస్తోందని స్లైడ్ వేస్తాం. వేగం వెర్షన్‌దా, ఫోన్‌దా అని మీటింగులో ఎవరూ అడగరు. డాక్టరుగారిని నేనూ అడగలేదు.

ఆయన నన్ను పక్కకు పిలిచి "ఏడాది, అటూ ఇటూ" అన్నారు. ఆ రాత్రి నేను స్టీఫెన్ జే గూల్డ్‌ని పట్టుకుని వేలాడాను. 1982లో ఆయనకు అరుదైన కేన్సర్ వచ్చింది. ఆ జబ్బులో సగంమంది ఎనిమిది నెలల్లో పోతారని పుస్తకాల్లో ఉంది. మధ్యాంకం ఒక మనిషి తలరాత కాదనీ, మిగతా సగంమందిలో కొందరు చాలా దూరం వెళ్తారనీ 1985లో వ్యాసం రాశాడు. జబ్బు బయటపడ్డాక ఇరవై ఏళ్లు బతికి 2002లో పోయాడు. ఆ వ్యాసం నాకు ధైర్యమిచ్చింది. అయితే ఒక విషయం చాలా ఆలస్యంగా తట్టింది. గూల్డ్‌కి ఆ అంకె తెలుసు. లైబ్రరీకి వెళ్లి తనే వెతుక్కున్నాడు. ఆశపడటం, లెక్కవేసుకోవడం రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. మేము పెద్దమ్మ దగ్గర అంకెను దాచి, ఆశను మాత్రం మా ఇష్టమొచ్చినంత కొలిచి పోశాం.

"చెప్తే కుంగిపోతుంది" అన్నది మా ఇంట్లో వాదన. కొట్టిపారేసేది కాదు. తెలుసుకోవడం ఇష్టంలేనివాళ్లు ఉంటారు, వాళ్లను బలవంతపెట్టి చెప్పడం కూడా క్రూరమే. కానీ ఇష్టమో కాదో ఆమెను అడగాలి కదా. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఆమె గర్భాశయాన్ని, అండాశయాల్ని తల్లి ఒప్పుకోలుతో తీసేశారు. ప్రాణాపాయమేమీ లేనప్పుడు ఆ ఒప్పుకోలు చెల్లదంది కోర్టు. పెద్దమ్మ మత్తులో లేదు, సంతకమూ పెట్టింది. చట్టం దృష్టిలో మా కాగితం సరిపోతుందేమో. నాకు మాత్రం ఆ తీర్పు చదువుతుంటే ఆ తల్లి స్థానంలో నేనే కనిపించాను.

ఆపరేషన్ తర్వాత పదకొండు నెలలు ఉంది. అందులో మూడు నెలలు కుట్లు, కీమో, మంచం. నాలుగైదు నెలలు బాగానే తిరిగింది, చిన్నకూతురి పెళ్లి కూడా చేసింది. ఆ మూడు నెలలిచ్చి ఈ నాలుగు నెలలు కొనుక్కోవచ్చా అన్నది అసలు ప్రశ్న. దానికి డాక్టరు దగ్గరగానీ నా దగ్గరగానీ జవాబుండదు. వాంతులు పడేది ఆమె, పెళ్లి చూడాలనుకునేదీ ఆమె.

ఆఖరి నెలలో మిద్దె మీద మంచమేస్తే పక్కన కూర్చున్నాను. ఇక చెప్పేద్దామని నోరు తెరిచేలోపే ఆమే అంది:

"ఆ ఫైలు ఆపరేషనుకు ముందే సదివిచ్చుకుంటి నాయనా. పక్కింటి పదోతరగతి పిల్ల సదివి పెట్టె. పాపం, సదువుతా సదువుతా ఏడ్సె."

"మరి మమ్మల్ని ఎందుకు అడగలేదు పెద్దమ్మా?"

"మీరు ఏడుస్తారని. ఆ కోత వద్దనే అనుకుంటి. మళ్ల సూస్తే నువ్వు అప్పుడికే సంతకం పెట్టింటివి."