ఇంట్లోనే ఉంటావుగా అంటారు, తల్లీ

చిట్టితల్లీ,

ఉద్యోగం మానేసి ఇంటి నుంచే ప్రాజెక్టులు చేసుకుంటానని నిన్న చెప్పావు. నేను వద్దనను. ప్రగతి నగర్ నుంచి జేఎన్‌టీయూ మీదుగా హైటెక్ సిటీకి నువ్వు పడే పాట్లు రోజూ చూస్తున్నదాన్నే. మొన్న నువ్వు తొమ్మిదింటికి వచ్చేసరికి బాబు నీ పాత చున్నీ వేలికి చుట్టుకుని నా ఒళ్లో నిద్రపోయాడు. ఆ ముడి విప్పలేక నువ్వు చెప్పులైనా విడవకుండా వాడి పక్కనే కూలబడ్డావు. అది చూశాక వద్దనడానికి నోరెలా వస్తుంది?

2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. మంచిదే. కానీ ఆ క్రెష్‌కైనా పసివాణ్ని ఈ ట్రాఫిక్‌లోనే కదా మోసుకెళ్లాలి.

ఒక్క మాట మాత్రం పట్టుబట్టి చెబుతాను. ఉద్యోగం మానగానే బాబును చూసుకునే ఆయమ్మను మాన్పించకు.

మీ అన్నయ్య పుట్టాక నేను బెజవాడలో టీచరు పని వదిలి, ఇంట్లో ప్రూఫులు దిద్దేదాన్ని. ప్రెస్సు కుర్రాడు పొద్దున్నే గ్యాలీల కట్ట ఇచ్చిపోయేవాడు. కట్ట విప్పుదును కదా, పక్కింటావిడ వచ్చేది. మామయ్యగారికి కాఫీ, వంటింట్లో పాలు, గ్యాసు సిలిండరు... "ఇంట్లోనే ఉంటావుగా" అనేవారు అందరూ. ఎవరూ చెడ్డవాళ్లు కారమ్మా. నేను పని చేస్తున్నట్టు వాళ్లకు కనిపించలేదు, అంతే. రాత్రి పదకొండుకు మంచం పక్కన దీపం పెట్టుకుని దిద్దేదాన్ని. నిద్రమత్తులో ఒకసారి రెండు పేజీలు తారుమారై పుస్తకం అచ్చయిపోయింది. ఆ నెల డబ్బులు రాలేదు. దానికన్నా, పగలంతా పిల్లాడి దగ్గరే ఉండి కూడా వాడితో ఆడలేదే అన్న బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే గది తలుపు వేసుకో. పది నుంచి రెండు దాకా నువ్వు ఆఫీసులో ఉన్నట్టే. వేళ నీ చేతిలో ఉండాలి గాని, వేళే లేకుండా పోకూడదు.

డబ్బు సంగతి నీకు తెలియనిది కాదు. అయినా రాజీనామా పెట్టకముందే సొంతంగా ఆరోగ్య బీమా తీసుకో. కంపెనీ బీమా ఉద్యోగంతోనే పోతుంది. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమంటారు, నీకు థైరాయిడ్ ఉంది మరి. పీఎఫ్ ముట్టుకోవద్దు. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, నీకు ఎనిమిదయ్యాయి. పెన్షన్ సొమ్ము తీసేయకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు మళ్లీ ఉద్యోగంలో చేరినా ఆ ఎనిమిదేళ్లూ కలుస్తాయి. ఆ దారి మూసుకోకమ్మా. ఏ ప్రాజెక్టైనా పని మొదలెట్టకముందే కొంత అడ్వాన్సు అడుగు. అడగడానికి మొహమాటపడి నేను పోగొట్టుకున్నది చాలు.

శనివారం అల్లుణ్ని కూడా తీసుకురా. నీ పని వేళల్లో బాబును ఎవరు చూసుకోవాలో అతని చేతే కాగితం మీద రాయిద్దాం. ఆయమ్మ రాని రోజులకు అతని పేరు ముందు రాయాలి. నీ పని వేళ ముగిశాక, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నా పేరు వేసుకో. అంబీర్ చెరువు దగ్గర వాడికి కొంగల్ని చూపించి తీసుకొస్తాను.

మీ పెద్దమ్మ