కల్పితక్రీడయు అభిమానధర్మమును

ఆటలాడువారికి ధర్మమొకటి కలదని యందఱు నొప్పుకొందురు. ఆట చూచువారికి గూడ ధర్మము కలదా యని యడిగినచో పలువురు నవ్వుదురు. చూచువాడు మెచ్చిన కేకలు వేయును, విసిగిన లేచిపోవును. ఇందు ధర్మాధర్మముల ప్రసక్తి యెక్కడిదని వారి తాత్పర్యము. మన యిండ్లలోనికి వచ్చిన యొక క్రొత్త వినోదము ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు వీలులేకుండ జేసినది. దానిని ఫాంటసీ క్రికెట్టందురు. కల్పితక్రీడ యని మేము వ్యవహరింతుము.

ఇది మన దేశమున బుట్టినది కాదు. 1980లో డేనియల్ ఓక్రెంట్ అను రచయిత న్యూయార్కు నగరమున మిత్రులతో గూడి బేస్‌బాల్ ఆటపై దీనిని వ్యాప్తికి దెచ్చెను. వారు కలిసికొను భోజనశాల పేరునుబట్టి దానికి రోటిసరీ అను పేరు వచ్చినది. మిత్రులలో ప్రతివాడును తానొక జట్టునకు యజమానినని భావించుకొనును. నిజమైన జట్లనుండి తనకు నచ్చిన ఆటగాండ్రను ఏరి కాగితముమీద నొక జట్టు గట్టుకొనును. ఆ యాటగాండ్రు తమతమ మైదానములలో నేమి చేయుదురో అదియంతయు నతని ఖాతాలో జమ యగును. బ్యాటు పరుల చేతిలోనిది, లెక్క మనది. మన దేశమునకు వచ్చుసరికి బేస్‌బాల్ స్థానమున క్రికెట్టు నిలిచినది. కాగితము సెల్లుఫోనుగా మాఱినది. వెనువెంటనే పైకమును వచ్చి చేరినది.

పైకము మాట యెత్తినంతనే, ఇది నేర్పా, జూదమా యను వివాదము పుట్టును. ఈ వివాదము తెలుగువారికి పాతది. సికిందరాబాదులోని యొక క్లబ్బు విషయమై వచ్చిన వ్యాజ్యమున, రమ్మీ ప్రధానముగ నేర్పుతో గూడిన యాటయని 1967లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను ఆన్‌లైన్ పందెములపై నిషేధము విధించినవి. తుదకు 2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పు, అదృష్టము అను భేదమునే విడిచి, పైకమొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటలన్నిటిని నిషేధించు చట్టము చేసెను. డ్రీమ్ ఎలెవన్ సంస్థ తన పైకపు పోటీలను ఆ నెలలోనే నిలిపివేసినది.

నెల్లూరివారమగు మాకు ఈ సందర్భమున తిక్కన గుర్తు వచ్చుట సహజము. ఆయన భారతమును చేపట్టినది విరాటపర్వముతో. జూదమున రాజ్యము పోగొట్టుకొన్న ధర్మరాజు అందు కంకుడను పేర విరాటునికి జూదపు చెలికాడై కొలువు చేసెను. వనవాసకాలమున బృహదశ్వుడను మునివలన పాచికల రహస్యమును నేర్చుకొన్నవాడు గనుక ఆ కొలువునకు తగినవాడే. అయినను ఆ నేర్పువలన పోయిన రాజ్యము తిరిగి రాలేదు, సభలో జరిగిన యవమానము మాసిపోలేదు. నేర్పున్నదా లేదా యనుట న్యాయస్థానమునకు కావలసిన ప్రశ్న. గృహస్థునకు కావలసిన ప్రశ్న వేఱు. పైస యొడ్డకుండ, స్నేహితుల నడుమ, కేవలము వేడుకకై యాడినను ఈ యాట మన చూపు నేమి చేయుచున్నది? చట్టము ముట్టజాలని భాగమిదియే.

ఒక యుదాహరణము జెప్పెదము. నెల్లూరు మూలపేటలో మా బంధువుల యింటి యమ్మాయి బ్యాంకులో నుద్యోగము చేయుచున్నది. క్రికెట్టుపై నామెకు గల యాసక్తి స్వల్పము. ఇంట పెట్టినప్పుడు చూచుట, గెలిచినప్పుడు సంతోషించుట. 2025లో మహిళల ప్రపంచకప్పు పోటీలు జరుగుచుండగా తోటి యుద్యోగులు పైకము లేని కల్పితక్రీడ నొకటి నడపిరి. పరుగునకింత, వికెట్టునకింత, క్యాచ్చునకింత యని పాయింట్లు. నాయకురాలిగా నేర్పఱచుకొన్న క్రీడాకారిణి పాయింట్లు రెట్టింపు. ఈమెయు మొదటిసారిగా నొక జట్టు గట్టినది.

అక్టోబరు 30న నవీ ముంబయిలో ఆస్ట్రేలియాతో సెమీఫైనలు. భారతజట్టులో కడప జిల్లా బిడ్డ శ్రీచరణి యుండుటచే ఇంటిల్లిపాదికి పట్టుదల మెండుగా నుండెను. ఈ యమ్మాయి మాత్రము ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఫోబీ లిచ్‌ఫీల్డును తన నాయకురాలిగా నుంచుకొన్నది. ఆ లిచ్‌ఫీల్డు 119 పరుగులు చేసినది. ఇల్లంతయు మొగము వ్రేలవేసికొని కూర్చుండగా నొక మూలనుండి చప్పట్లు వినబడెను. పినతండ్రి కోపించి, "ఏ దేశపుదానివే నీవు?" అని గద్దించెను.

ఆ కోపము న్యాయమైనదని మే మనజాలము. ఆ యమ్మాయి ఆ మూడు వారములలో నేర్చుకొన్నది కొంచెము కాదు. ఎదుటి జట్టన నంతకుముందు రంగు బట్టల గుంపు; ఇప్పుడు ఆ గుంపులో నొక్కొక్క మనిషికి పేరు వచ్చినది. దక్షిణాఫ్రికా నాయకురాలెవరు, ఇంగ్లండు స్పిన్నరు బంతి నెట్లు త్రిప్పును, బంగ్లాదేశపు పిల్లలు ఎంత చిన్నవారు అని మాకు జెప్పుచుండెడిది. శత్రువు ఆట బాగుగా నున్నదని మెచ్చుకొనుటకు మన దేశాభిమానులలో నెందఱికి నోరు వచ్చును? ఆ నోరు ఆమెకు వచ్చినది. ఆ రాత్రియే జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో అజేయముగ నిలిచి, 339 పరుగుల లక్ష్యమును దాటించినప్పుడు ఆ యమ్మాయి కన్నీరు పెట్టుకొన్నది. జెమీమా ఆమె పట్టికలో లేదు.

మమ్ము కలవరపెట్టినది అంతకు నాలుగు దినములకు ముందు జరిగిన చిన్న సంగతి. బంగ్లాదేశుతో నాటలో ఫీల్డింగు చేయుచు ప్రతీకా రావల్ కాలు మడతపడి గాయపడెను. అంతవఱకు చక్కగా నాడుచు, ఆ యమ్మాయి పట్టికలో నుండిన క్రీడాకారిణి. ఆమె పడుట చూచినంతనే మా యమ్మాయి నోట వచ్చిన మొదటిమాట, "అయ్యో, ఇప్పుడు ఎవరిని పెట్టుకోవాలి?" అని. స్వభావమున నామె మిక్కిలి మెత్తనిది. ఇంట పనిమనిషికి జ్వరము వచ్చిన తానే మందు తెచ్చియిచ్చును. అట్టిదాని నోట నట్టిమాట వచ్చుటకు మూడు వారముల లెక్క చాలినది. పిదప నవంబరు 2న భారతజట్టు కప్పు గెలిచినప్పుడు ప్రతీక చక్రాలకుర్చీలో మైదానమునకు వచ్చి చెలికత్తెలతో గూడి సంబరపడినది. చక్రాలకుర్చీకి ఏ పట్టికలోను పాయింట్లు లేవు.

లెక్కలో నిమిడిన దానిని మాత్రమే చూచు నలవాటు కంటికి త్వరగా అబ్బును. ఇమడని వెన్నో కలవు. 2024 డిసెంబరు 28న మెల్బోర్నులో విశాఖపట్టణపు నితీశ్‌కుమార్ రెడ్డి 99 పరుగుల వద్ద ఆవలి కొసన నిలిచియుండగా బుమ్రా ఔటయ్యెను. మిగిలినవాడు కడపటి బ్యాట్స్‌మన్, హైదరాబాదు సిరాజు. కమిన్స్ వేయు నా యోవరులో నింక మూడు బంతులున్నవి. ఆ మూడింటిని సిరాజు కాచుకొన్నాడు, పరుగు లేదు. తరువాతి యోవరున నితీశు బౌండరీ కొట్టి శతకము పూర్తిచేసెను. ప్రేక్షకులలో నున్న తండ్రి కంట నీరు గార్చుచుండుట లోకమంతయు జూచినది. ఆ పాయింట్లన్నియు నితీశు ఖాతావి. సిరాజు మూడు బంతుల విలువ కల్పితక్రీడలో సున్న. ఆ యాటలో భారతజట్టు 184 పరుగుల తేడాతో నోడినది గూడ. అయినను ఆ మూడు బంతులను తెలుగువారు మఱువరు.

కావున ఈ వినోదమును మానవలెనని మే మనుటలేదు. ఆ యమ్మాయికి వలదని చెప్పను లేదు. పట్టికను ఆట ముగియువఱకు తెఱవవలదని మాత్రము చెప్పితిమి, అట్లే చేయుచున్నది. ఆమెను గద్దించిన పెద్దల విషయమున మాకు సందేహము మెండు. ఈ నెల్లూరు పట్టణము కోచింగు కళాశాలలకు పెట్టినది పేరు. ఇచ్చటి యిండ్లలో తల్లిదండ్రుల ఫోనులకు వారము వారము పిల్లల మార్కులు, ర్యాంకులు వచ్చుచుండును. ఆ పినతండ్రి కుమారుడు హాస్టలులో నుండి యింటరు చదువుచున్నాడు. సెమీఫైనలు మఱునాటి యుదయము ఆయన ఫోను చూచుకొని, "ఈసారి పదునాలుగు స్థానములు దిగినాడు" అని నిట్టూర్చెను.

"చిన్నాన్నా, వాడు తింటున్నాడో లేదో, ఈ వారం ఏం నేర్చుకున్నాడో అడగనే లేదే?" అని ఆ యమ్మాయి మెల్లగ ననెను.

ఆయన ఫోను జేబులో బెట్టుకొని కాఫీ యడిగెను.