లోపలా వెలుపలా పూత



మొన్న ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక ఒక యువకుడు తన కొత్త కారును ఆశీర్వదించమని దేవాలయం ముందుకు తెచ్చాడు. అతని ఇల్లు విశాఖపట్నంలో, సముద్రానికి దగ్గరే. ప్రార్థన చేసి తీర్థజలం చల్లబోతుంటే, "ఫాదర్ గారూ, బానెట్ మీద కొంచెం తక్కువ చల్లండి, మరకలు పడతాయి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తరువాత అసలు సందేహం బయటపెట్టాడు. సిరామిక్ పూతకు 25,000 రూపాయలు అడుగుతున్నారట. వేయించాలా, వద్దా? కారే బ్యాంకు అప్పు మీద కొన్నది.

గురువుకు ఇవన్నీ ఏం తెలుసు అనుకోకండి, తెలిసిన మెకానిక్కును అడిగే ఉన్నాను. ఆ పూతలో ముఖ్యమైనది సిలికా, ఇసుకలోనూ గాజులోనూ ఉండేదే. రంగు మీద గట్టిపడి, వెంట్రుక కంటె ఎంతో పలుచని పొరగా నిలుస్తుంది. నీరు జారిపోతుంది, దుమ్ము తేలికగా వదులుతుంది, ఎండకు రంగు వెలవడం తగ్గుతుంది. మంచిదే. కాని లారీ టైరు ఎగరగొట్టిన రాయిని అది ఆపలేదు. దానికి వేరే ఫిల్మ్ ఉంది, ఖర్చు ఇంకా ఎక్కువ. పైగా ఈ పూత కొన్నేళ్లకు అరిగిపోతుంది. ఉప్పుగాలి కారును తినేది మెరిసే చోట కాదు; అడుగున, తలుపుల అంచుల్లో, నీరు నిలిచే సందుల్లో. పైపూత అక్కడికి చేరదు.

రక్షణ కోరడం పాపం కాదు. ఓడకు లోపలా వెలుపలా కీలు పూయమని నోవాకు ఆజ్ఞ ఇచ్చింది దేవుడే (ఆది 6:14). అది మెరుపు కోసం కాదు, లోపలి ప్రాణుల కోసం. కనుక అతనితో అన్నాను: "చేతిలో డబ్బుంటే వేయించుకో బాబూ, అప్పు పెంచి మాత్రం వద్దు. ముందు అడుగుభాగానికి తుప్పు పట్టకుండా పూత వేయించు. వారానికోసారి మంచినీళ్లతో అడుగు కూడా కడుగు. రెండు మూడు నెలలకోసారి నీ చేత్తోనే మైనం పట్టించు."

తల ఊపాడు. "మీ నాన్నగారేరీ?" అని అడిగాను.

"నడిచి వెళ్లిపోయారు ఫాదర్. పొద్దున్నే వల లాగి తిన్నగా పూజకు వచ్చారు. కాళ్ల నిండా ఇసుక. కొత్త సీట్లు కదా అని..." మాట మింగేశాడు.

ఆ వల లాగిన డబ్బుతోనే ఈ అబ్బాయి చదువుకున్నాడు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు చెదనూ తుప్పునూ తలచి ఊరుకోలేదు; ధనం ఉన్నచోట కాపలా కాసే హృదయం గురించి కూడా చెప్పారు. అతనికి మాత్రం నేనేమీ చెప్పలేదు. గిన్నెలో తీర్థజలం ఇంకా కొంచెం మిగిలి ఉంది. తలుపు తీసి సీట్ల మీద కూడా చల్లాను. ఈసారి తగ్గించమని అతను అనలేదు. కారు వెనక్కి తిప్పుకొని, తండ్రి నడిచి వెళ్లిన దారినే పోయాడు.