పదో మరణం దాకా ఆగాలా?

జాతీయ రహదారి మీద ఒక చోటు ‘బ్లాక్ స్పాట్’ అనిపించుకోవడానికి ఒక లెక్కుంది. సుమారు 500 మీటర్ల మేరలో మూడేళ్ళలో 10 మంది చనిపోవాలి. లేదా ప్రాణం తీసిన, తీవ్రంగా గాయపరిచిన ప్రమాదాలు అయిదు నమోదు కావాలి. అలాంటి ఒక మలుపు పక్కన టీకొట్టు నడిపే మనిషికి మాత్రం మొదటి శవాన్ని చూసిన రోజే సంగతి తెలిసిపోతుంది. మరి మిగిలిన తొమ్మండుగురూ దేనికి పోయినట్టు? రుజువు కోసమా?

వాళ్ళ రాత అలా ఉందంటాం. కన్నీళ్ళ ముందు ఆ మాటను నేనూ కాదనలేను, అది ఓదార్పు. కానీ ఇంతమంది నుదుళ్ళ మీద అదే మలుపు ఎందుకు రాసి ఉంటుంది?

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. డ్రైవరూ పోయాడు. ఇలాంటప్పుడు ముందు అతని తప్పే వెతుకుతాం. ఉంటే ఉండొచ్చు. కానీ ఒక్క బస్సులో వందమంది దాకా ఎక్కవలసిన అవసరం ఎందుకొచ్చింది? ఆ జవాబు చెప్పవలసింది చనిపోయిన డ్రైవరు కాదు.

1997లో స్వీడన్ పార్లమెంటు ‘విజన్ జీరో’ను ఆమోదించింది. మనిషన్నాక పొరబడతాడు, పొరపాటుకు మరణం శిక్ష కారాదు, కాబట్టి రోడ్డు వేసేవాళ్ళదీ బాధ్యతే అన్నది దాని సారం. అక్కడ ఎన్నో రోడ్ల నడుమ ఉక్కుతాళ్ళ కంచె కట్టి, ఎదురెదురుగా ఢీకొనే అవకాశాన్నే తగ్గించారు. అందులో నన్ను కదిలించేది ఇంజినీరింగు కన్నా మనిషి బలహీనత పట్ల ఆ దయ.

మనకూ 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ వచ్చింది. నాసిరకం డిజైను, నిర్మాణం ప్రాణం తీస్తే కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల దాకా జరిమానా. ఒక ప్రాణానికి ఆ గరిష్ఠం చాలా? అదైనా ఎంతమంది మీద పెడుతున్నాం? హెల్మెట్ లేని కుర్రాణ్ణి కూడలిలో ఆపడం సులువు, ఆ మలుపును గీసినవాణ్ణి నిలదీయడమే కష్టం.

జాతీయ రహదారులు పోను మిగతా రోడ్లు రాష్ట్రాల జాబితాలోవే. కేరళ 2007లోనే రోడ్డు భద్రతా అథారిటీకి సొంత చట్టం చేసి, నిధి పెట్టుకుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ చట్టంలో ఒక్క మాట రాయాలి: మొదటి మరణానికే, గడువులోగా, బాధ్యుడైన ఇంజినీరు ఆ చోటికి వెళ్ళి, ఏం సరిచేశారో సంతకంతో జనానికి చెప్పాలి. మీ ఎమ్మెల్యేను కొత్త రోడ్డు అడిగే ముందు, ఉన్న రోడ్డు మీది ఆ మలుపు సంగతి అడగండి.